కార్డు డబ్బు తూచిన ఇల్లు

పాలకొల్లులో బుల్లియ్య ఇంట్లో ఉండేది నలుగురు. నలుగురూ తెలివైనవాళ్ళే. నా మాట కాదిది, వాళ్ళే చెప్పుకుంటారు. పొద్దున్నే కాఫీ తాగుతూ బుల్లియ్య, "మన ఇంట్లో ఉన్న బుర్ర వీధి మొత్తానికి పంచినా ఇంకా మిగుల్తుందే" అంటాడు. "మిగిలింది డబ్బాలో పోసి మూత పెడదాం లెండి, చీమలు పట్టేస్తాయి" అంటుంది ఆయన భార్య మాణిక్యం. కొడుకు వీర్రాజు వెంటనే లేచి ఖాళీ డబ్బా తెచ్చేస్తాడు. అలాంటి ఇల్లు.

వాళ్ళ గొప్పంతా తక్కెడలో ఉంది. బుల్లియ్య ఉప్పూ పప్పూ అమ్మినన్నాళ్ళూ పుస్తకంలో ఒక్క అక్షరం రాసి ఎరగడు. సరుకు ఒక పళ్ళెంలో, రాయి ఒక పళ్ళెంలో. ముల్లు నిటారుగా నిలబడిందా, లెక్క సరిపోయినట్టే. తూకానికి రానిది అసలు లేనట్టే అని ఆయన నమ్మకం. ఒకసారి కోడలికి జ్వరమొస్తే బస్తాల తక్కెడ మీద కూర్చోబెట్టి, "బరువు పెరగలేదు, జ్వరం ఇంకా లోపలికి రాలేదు" అని తేల్చేశాడు. ఆ పిల్ల కూడా సరేనని లేచి గిన్నెలు తోముకుంది.

ఆ కోడలే నాగవేణి. మొన్నమొన్నటిదాకా భీమవరం దగ్గర షెడ్డులో రొయ్యలు ఒలిచేది. మంచుగడ్డల్లో పెట్టీ పెట్టీ వేళ్ళు మొద్దుబారిపోయి, ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే అది వేడో చల్లో తెలిసేది కాదు. అందుకని అత్త చేసే మినపప్పడాలు ఫోన్‌లో అమ్మే కొట్టు పెట్టింది. "ఇది నిలబడితే ఆ షెడ్డు గుమ్మం మళ్ళీ తొక్కను అత్తయ్యా. నిలబడలేదా, మళ్ళీ ఆ మంచే" అంది. నవ్వుకునే కథే గానీ, ఆ పిల్ల వేళ్ళు తలుచుకుంటే మాత్రం నాకు నవ్వు రాదు.

కొట్టు తెరిచిన పూటే ఫోన్ టింగుమంది. ఎవరో కార్డు మీద డబ్బు కట్టారు. అంతే, బుల్లియ్య ఫోన్ లాక్కుని తక్కెడలో పెట్టాడు. ఇందాక ఎంత తూగిందో ఇప్పుడూ అంతే తూగింది.

"రాలేదమ్మాయ్" అన్నాడు.

"వచ్చిందని రాశారు కదా మావయ్యా."

"రాయడానికేముంది, ఎవడైనా రాస్తాడు. వస్తే బరువుండదూ?"

నాగవేణికి అదీ నిజమే అనిపించింది. అప్పడాలు పంపలేదు. మళ్ళీ టింగు, మళ్ళీ తూకం, మళ్ళీ రాలేదు. ఇంకేముంది, డబ్బు కట్టినవాళ్ళంతా కంపెనీ మీద పడ్డారు. ఫోన్‌లో కొట్లు నడిపించే ఆ కంపెనీ నాగవేణికి గట్టిగా కబురు పెట్టింది. శుక్రవారం మధ్యాహ్నంలోగా సరుకు పంపించి, కార్డుల మీద వచ్చిన డబ్బుకి లెక్క చూపించాలి. లేకపోతే కొట్టు మూసేస్తాం అని.

నాగవేణి ఏడుపు చూడలేక వీర్రాజు పక్క వీధి శేషుకుమార్‌ని పిలుచుకొచ్చాడు. కొట్లవాళ్ళకి లెక్కలు రాసిపెట్టే మనిషి. మంచి ఓపికున్నవాడు, అప్పటికి.

"చూడండి బుల్లియ్యగారూ" అన్నాడాయన. "కార్డు డబ్బు ముందు మధ్యలో ఉన్నవాళ్ళకి వెళ్తుంది. వాళ్ళు వందకి రెండు రూపాయలు కోసుకుని, మిగతాది రెండ్రోజులకి బ్యాంకులో వేస్తారు. అమ్మింది ఒక పక్క రాసి, చేతికొచ్చిందీ వాళ్ళు కోసుకున్నదీ కలిపి ఇంకో పక్క రాస్తే రెండూ సరిపోవాలి. దీనికి తక్కెడ ఎందుకండీ, కార్డు డబ్బుకి చెప్పుకోదగ్గ బరువేం ఉండదు."

ఆయన అటు వెళ్ళగానే బుల్లియ్య తొడ చరిచాడు. "విన్నారా? చెప్పుకోదగ్గ బరువు లేదన్నాడు. అంటే చెప్పుకోలేనంత కొంచెం ఉందన్నమాట. మనది బస్తాల తక్కెడ, దానికి అందడంలేదు."

అంతే, కంసాలి దగ్గర్నుంచి బంగారం తూచే త్రాసు అరువు తెచ్చారు, గురివింద గింజలతో సహా. ముందు ఉత్త ఫోన్ ఒక పళ్ళెంలో పెట్టి, రెండో పళ్ళెంలో రాళ్ళూ గింజలూ వేసి ముల్లు నిలబెట్టుకున్నారు. అప్పుడు అత్తాకోడళ్ళు అప్పడాలు ఒత్తుతున్నారు, చేతులనిండా పొడిపిండి. ఫోన్ టింగుమంటే నాగవేణి ఆ చేతుల్తోనే తీసి త్రాసులో పెట్టింది. పళ్ళెం ఒక గింజంత కిందికి దిగింది.

"వచ్చిందమ్మా, డబ్బు వచ్చింది" అన్నాడు బుల్లియ్య కళ్ళు తుడుచుకుంటూ.

టింగుమన్నప్పుడల్లా పిండి చెయ్యి పడుతోంది, పళ్ళెం దిగుతోంది. వందకి రెండు కోసుకుంటారు కదా అని వీర్రాజు ప్రతి తూకం తర్వాతా ఫోన్ మీద ఉఫ్‌మని ఊదుతున్నాడు. కాస్త పిండి ఎగిరిపోతే, "అది వాళ్ళ వాటా" అంటున్నాడు. పేరుకుపోయిన అప్పడాలన్నీ ఆ పూటే పంపించేశారు. అంతా బాగుందనుకునేసరికి, ఫోన్ తెల్లగా అయిపోయిందని మాణిక్యం కొంగుతో శుభ్రంగా తుడిచింది. త్రాసు పళ్ళెం పైకి లేచి కూర్చుంది.

"కొంప ముంచావే. మొత్తం డబ్బు తుడిచేశావు" అన్నాడు బుల్లియ్య.

"నేనేం తీశానండీ? ఇదిగో కొంగు, కావాలంటే తూయండి."

కొంగు తూయాలంటే చీర తూయాలి, చీర తూయాలంటే మాణిక్యాన్నే తూయాలి. బస్తాల తక్కెడ ఎక్కించారు. రాళ్ళన్నీ పెట్టినా ముల్లు నిలబడలేదు. "ఇంత డబ్బు మింగి ఏం ఎరగనట్టు నిలబడ్డావా" అని మొగుడు లబోదిబోమన్నాడు. చివరికి కొంగు ఫోన్ మీద దులిపించి, డబ్బు ఇంటికొచ్చిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

బుధవారం నెల్లూరు నుంచి ఇందుమతి అనే ఆవిడ ఫోన్ చేసింది. అప్పడాలు ముక్కలై చేరాయట, తన నూట ఎనభై రూపాయలు తిరిగివ్వమంది. ఎలా ఇవ్వాలని నాగవేణి అడిగితే, శేషుకుమార్ ఏదో హడావిడిలో ఉండి, "వచ్చిన దారినే వెనక్కి పంపాలమ్మా" అనేసి వెళ్ళిపోయాడు.

"దేంట్లోకి వచ్చింది?" అన్నాడు వీర్రాజు.

"ఫోన్‌లోకి."

"మరి ఫోన్‌తోనే పంపాలి."

అంతే, ఫోన్‌ని గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి కొరియర్‌కిచ్చారు. లోపల ఒక చీటీ కూడా పెట్టారు. "అమ్మా, ఇందులో మీ నూట ఎనభై తీసుకోండి. మిగతాది పరాయివాళ్ళది, ముట్టుకోకండి. ఫోన్ తుడవకండి."

శుక్రవారం ఎండ నడినెత్తికి వస్తుండగా శేషుకుమార్ వచ్చాడు. పాపం, బ్యాంకు కాగితాలు చూసుకుని లెక్కంతా ఆయనే రాశాడు. "ఇప్పుడు కంపెనీవాళ్ళు మీ ఫోన్‌కి ఒక నంబరు పంపుతారు. అది చెబితే కొట్టు ఉన్నట్టు, చెప్పకపోతే పోయినట్టు. ఫోన్ ఏదమ్మా?"

"నెల్లూరు వెళ్ళిందండీ" అంది నాగవేణి.

"ఎవరు తీసుకెళ్ళారు?"

"ఒక్కటే వెళ్ళింది."

శేషుకుమార్ తన ఫోన్ తీశాడు. నెల్లూరు వెళ్ళిన నాగవేణి ఫోన్‌కే చేశాడు. ఇందుమతే ఎత్తింది. "ఎవరండీ బాబూ మీరంతా?" అంది. సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వి, వచ్చిన నంబరు చదివి చెప్పింది. కొట్టు నిలబడింది. నాగవేణి తన వేళ్ళు తాను చూసుకుని బావురుమంది. ఈసారి సంతోషంతోనే.

"ఆవిడ రేపే ఫోన్ పంపిస్తానంది. ఇకమీదట అది ఇల్లు కదలకూడదు. ఆర్డర్లు అందుకోలేదో, ఈసారి అడక్కుండానే మూసేస్తారు" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు శేషుకుమార్.

సోమవారం ఫోన్ వచ్చింది. ఇందుమతి మంచి మనిషి. పాత ఫోన్ దారిలో దెబ్బతింటుందని దళసరి రబ్బరు తొడుగు వేసి పంపింది. బుల్లియ్య దాన్ని త్రాసులో పెట్టాడు. పళ్ళెం ధన్‌మని నేలకి తగిలి, గురివింద గింజలు గదంతా దొర్లాయి.

"ఆవిడ తన డబ్బు తీసుకోలేదర్రా" అన్నాడు బుల్లియ్య. "తన ఆస్తంతా ఇందులో పోసింది."

"ఎందుకండీ?" అంది మాణిక్యం.

"మనల్ని నమ్మి."

నాగవేణి ముక్కు చీదుకుంది. "పరాయి సొమ్ము ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచొద్దు మావయ్యా. పిల్లాజెల్లా ఉన్న మనిషేమో" అని, ఫోన్ తానే గుడ్డలో చుట్టి, తానే కొరియర్ ఆఫీసుకి పరిగెత్తింది. పెట్టె అక్కడి మనిషి చేతిలో పెట్టిందో లేదో, లోపల్నుంచి టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఆగకుండా టింగు టింగుమంటూనే ఉంది.

"అయ్యో, ఆవిడ ఇంకా డబ్బు వేస్తూనే ఉంది పాపం" అంది నాగవేణి. "తొందరగా పంపేయండి బాబూ."