మూడో రెప్ప కింద ముల్లు

పాలచెట్లకోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ఒక ఎలుగుబంటి, ఒక కొంగ ఉండేవి. ఎలుగుబంటే అక్కడ వైద్యుడు. కడుపు నొచ్చినా, కాలు బెణికినా, తోక తెగినా దాని దగ్గర ఒకటే మందు. తేనెలో నూరిన ఆకుపసరు! నవ్వకండర్రా, చాలాసార్లు తగ్గేది కూడాను.

కొంగ మాత్రం కళ్ళు తప్ప ఇంకేమీ చూడదు. ఏడు వానాకాలాలు కళ్ళ వైద్యమే నేర్చుకుంది. పక్క కోన నుంచి వచ్చిన మూడు ముసలి కొంగలు పరీక్ష పెట్టి, అది నెగ్గాకే కళ్ళ వైద్యుడన్న గుర్తుగా దాని మెడలో గురివింద గింజ కట్టాయి.

ఒకరోజు చుక్కమ్మ అనే దుప్పి కన్ను ఎర్రబడి నీరు కారసాగింది. ఇంకో నాలుగు రోజుల్లో మంద వాగు దాటాలి. కళ్ళు సరిగ్గా కనబడనిదాని కోసం మంద ఆగదు. వాగుకి ఇవతలేమో పులి!

ఎలుగు ఆ కంట్లో పసరు పిండింది. కన్ను ఇంకా వాచింది. చుక్కమ్మ భయపడి కొంగ దగ్గరికి పరుగెత్తింది. వెనకాలే ఎలుగూ వచ్చింది.

"ఏమే కొంగా, ఒళ్ళంతా వదిలేసి కళ్ళొక్కటే చూస్తావా? కాలు నొప్పంటూ వస్తే ఏం చేస్తావు?" అని వెక్కిరించింది.

"నీ దగ్గరికే పంపిస్తాను మామా" అంది కొంగ.

కొంగ మందు తీయనేలేదు. ముందు అడిగింది. "కన్ను మండకముందు ఎక్కడ మేశావమ్మా?"

"ఎండుగడ్డిలో."

కొంగ రెప్ప ఎత్తి చూసింది. ఇక్కడో వింత చెప్పాలి. మనకి ఒక్కో కంటికి రెండు రెప్పలే కదా? దుప్పికి లోపల మూలగా మూడోది కూడా ఉంటుంది! దాని కింద సన్నటి గడ్డి ముల్లు దాక్కుని ఉంది. కొంగ తన పొడుగాటి ముక్కుతో సుతారంగా లాగేసింది.

నాలుగో రోజున చుక్కమ్మ మందతో పాటు వాగు దాటింది.

నెల తిరక్కుండానే, తేనెపట్టు మీద పడ్డ ఎలుగుకి కంట్లో తేనెటీగ కుట్టింది. "నేను పోయి ఆ కొంగ ముందు కూర్చోవడమా!" అని తన పసరే పోసుకుంది. నొప్పి ఓర్చుకోలేక వారం తర్వాత వెళ్ళింది.

"మొదటి రోజే వచ్చుంటే దక్కేది మామా" అంది కొంగ. ఆ కన్ను పోయింది.

ఎలుగు ఇప్పటికీ వైద్యం చేస్తోంది. ఎవరొచ్చినా ఉన్న ఒక్క కన్నూ చిట్లించి చూసి, "కంటి జబ్బా? అయితే ఇక్కడ కూర్చోకు. పద, కొంగ దగ్గరికి నేనూ తోడొస్తా" అంటుంది.

నీతి: తనకి రానిదాన్ని వచ్చినవాళ్ళకి అప్పగించడం కూడా వైద్యమే.