మంచుమెట్ట మీద ముద్ద కంకులు

ఉదయం ఏడున్నరకు మంచుమెట్ట అడవిలో కుందేలు విత్తనపు జొన్నలను బండ మీద ఎండబోస్తోంది. ఆ మెట్ట మీద కుందేళ్లు, జింకలు, ముళ్లపందులు, కొండముచ్చులు ఉంటాయి. అందరికీ జొన్నచేలు ఉన్నాయి. కుందేలుకు నాలుగు పిల్లలు. చలికాలమంతా వాటి కడుపు నింపేది ఆ చేనే.

మెట్టకు పెద్ద అయిన కొండముచ్చు అందరినీ కేకేసి పిలిచాడు. అతని పక్కన ఒక గూడబాతు నిలబడి ఉంది. పల్లపు చెరువు నుంచి ముక్కు సంచి నిండా జొన్న విత్తనాలు తెచ్చింది. చూపించడానికి ఒక కంకి కూడా తెచ్చింది. అది గట్టి ముద్దలా, బరువుగా ఉంది.

"కంకి అంటే ఇదీ! మనవీ ఉన్నాయి, చీపురుకట్టల్లా!" అన్నాడు కొండముచ్చు. అందరూ నవ్వారు. మెట్ట జొన్న కంకులు విచ్చుకుని ఉంటాయి. గింజల మధ్య గాలి ఆడుతుంది.

ముళ్లపంది నవ్వలేదు. "గూడబాతన్నా, మీ దగ్గర ఇది ఎప్పుడు కోతకొస్తుంది? అప్పటికి అక్కడ మంచు పడుతుందా?" అని అడిగింది.

గూడబాతు నోరు తెరిచింది. కొండముచ్చు అడ్డం వచ్చాడు.

"ఇంటికొచ్చిన చుట్టాన్ని నిలదీస్తావా? నీకు ఒంటి మీదే కాదు, నాలుక మీదా ముళ్లే!"

"నా నాలుక సంగతి తర్వాత చూద్దాం పెద్దయ్యా. ముందు ఆయన్ని చెప్పనివ్వు."

"అక్కర్లేదు. పాత గింజలన్నీ ఇవాళే దంచి సంకటి వండేద్దాం!"

కుందేలు ముళ్లపందిని మెల్లగా అడిగింది. "అక్కా, పాతవి కొన్ని ఉంచుకోనా?"

"ఉంచుకో చెల్లీ. ఎవరేమన్నా ఉంచుకో."

ఆ మాట కొండముచ్చు చెవిన పడింది. "ఏం, చీపుర్లు అమ్ముకుంటావా?"

మళ్లీ నవ్వులు. కుందేలు సిగ్గుతో తన జొన్నలన్నీ రోట్లో పోసింది. ముళ్లపంది తన పాత గింజల మూట ఎత్తుకుని, సంకటి ముట్టకుండా వెళ్లిపోయింది.

వానలు కురిశాయి. ముళ్లపంది తన పాత గింజలు విత్తింది, మిగతా అందరూ గూడబాతు తెచ్చినవి విత్తారు. కొత్త పైరు ఏపుగా పెరిగింది. కార్తీకం వచ్చేసరికి ముళ్లపంది కోత ముగించింది. ముద్ద కంకులు మాత్రం అప్పుడే పాలు పోసుకుంటున్నాయి.

మంచు దిగింది. మధ్యాహ్నం దాకా కదల్లేదు. ముద్ద కంకుల్లోకి చెమ్మ దూరింది, బయటికి రాలేదు. గింజలు బూజు పట్టాయి. కుందేలు ఒక కంకి విప్పి చూసింది. లోపలంతా నల్లటి పొడి.

కుందేలు నేరుగా కొండముచ్చు దగ్గరికి వెళ్లి, ఆ కంకి అతని ఒళ్లో విసిరింది.

"తిను."

"ఈ ఏడు మంచు..."

"మంచు ప్రతి ఏడూ ఇంతే! ఈ మెట్ట పేరేంటో మరిచిపోయావా?"

"నేనూ ఇదే వేశాను. నా చేనూ పోయింది."

"నువ్వు చెట్టెక్కి ఆకులు తింటావు. నా పిల్లలు ఏ చెట్టెక్కాలి? ఆ రోజు అక్క అడిగింది ఒక్క మాట. దానికి జవాబు కూడా చెప్పనివ్వలేదు నువ్వు!"

ఆ సాయంత్రమే అందరూ కలిసి కొండముచ్చును పెద్దరికం నుంచి దించేశారు. జింకలు తిండి వెతుక్కుంటూ మెట్ట దిగిపోయాయి.

ముళ్లపంది గాదె నిండుగా ఉంది. కుందేలు పిల్లలకు చలికాలం గడిచేంత గింజ ముళ్లపంది కొలిచి ఇచ్చింది. విత్తనానికి వేరే మూట కట్టింది. దాని కోపం మాత్రం తగ్గలేదు.

"ఈ మూట తినకు. మళ్లీ ఎవరో నవ్వారని రోట్లో పోశావో, నా గడప తొక్కకు!"

కుందేలు తలవంచుకుని మూట అందుకుంది.

కొన్ని రోజుల తర్వాత పల్లం నుంచి పాలపిట్ట వచ్చి ఒక సంగతి చెప్పింది. చెరువు ఒడ్డున ఆ ముద్ద కంకులే విరగపండాయి. అక్కడ మంచు పడదు. ఆ మాట, అడిగిన ప్రతి ఒక్కరికీ గూడబాతు దాచకుండా చెబుతుందట.

నీతి: ఒక చోట బంగారంలా పండిన విత్తనం ఇంకో చోట బూజు పట్టవచ్చు, మన నేలకూ మన వాతావరణానికీ సరిపోతుందా అని అడిగాకే విత్తాలి, అడిగేవారి నోరు నొక్కకూడదు.