తురాయన్న చేసిన పీట

నల్లవాగు అడవిలో ఏనుగులు, ఎలుగుబంట్లు, అడవిపందులు, గిజిగాళ్లు ఉండేవి. వాగు నీళ్లలో పరిగె చేపలు ఉండేవి. ఎవరికి ఏ చెక్కపని కావాలన్నా చేసిపెట్టేది మాత్రం ఒక్కడే. వాడే వడ్రంగిపిట్ట. నెత్తిన ఎర్రటి తురాయి ఉంది కాబట్టి అందరూ వాణ్ణి తురాయన్న అనేవారు. పనిమంతుడే, కాదనను. కానీ ఎవరైనా "భలే!" అన్నారో, కళ్లు నెత్తికెక్కేవి.

ఒక ఎండాకాలం వాగు ఎండిపోయింది. ఒకే ఒక్క మడుగు మిగిలింది. ఒడ్డున కొంగలు బారులు తీరాయి.

"వానలు పడేదాకా నా పిల్లల్ని ఎవరైనా కాపాడండయ్యా!" అని పరిగెమ్మ అనే తల్లి చేప ఏడ్చింది.

అడవి బంగళాలో ఎవరో వదిలేసిపోయిన పెద్ద గాజుతొట్టి ఉంది. గున్న ఏనుగు పడుకునేంత పెద్దది.

"చేపల్ని అందులో పెడదాం" అంది ఎలుగు పెద్దమ్మ. "నేల మీద పెడితే పందులు గుద్దుతాయి, ఎత్తు పీట కావాలి. కొంగలు ముక్కు పెట్టకుండా పైకప్పు కావాలి. వెనక నుంచి ఎండ కొట్టకుండా, నీడలు చూసి పిల్లలు బెదరకుండా ఒక పలక కావాలి."

"అంతేనా? నాకొదిలేయండి!" అన్నాడు తురాయన్న.

మొదట వెనక పలక పని పట్టాడు. దాని మీద వాగు చెక్కాడు. నాచు చెక్కాడు, గులకరాళ్లు చెక్కాడు. చూసినవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. తర్వాత గిజిగాడితో కలిసి గడ్డి అల్లి పైకప్పు కట్టాడు. మేత వేయడానికి దానికో చిన్న తలుపు కూడా పెట్టాడు. భలే భలే అన్నారు అందరూ.

ఇక పీట మిగిలింది. "పీట కాళ్లు ఎవడు చూస్తాడులే" అనుకున్నాడు తురాయన్న. పక్కనే ఎండిన బూరుగు మొద్దు పడి ఉంది. ముక్కు ఆనిస్తే చాలు, వెన్నలా దిగుతోంది. పైగా లోపల బలిసిన పురుగులు! పిట్ట బుద్ధి ఎక్కడికి పోతుంది? కాళ్లు చెక్కుతూ చెక్కుతూ పురుగులన్నీ ఏరుకు తిన్నాడు. కడుపు నిండాక చూసుకుంటే నాలుగు కాళ్లూ చిల్లులే.

మనసులో కలుక్కుమంది. అయినా ఏం చేశాడు? చిల్లుల్లో బంకమట్టి కూరి, పైన నున్నటి బెరడు తొడిగాడు. ఇంకేం, పీట చూడముచ్చటగా తయారైంది.

"నీళ్లు పోయకముందు నన్నోసారి దాని మీద కూర్చోనివ్వు నాయనా" అంది ఎలుగు పెద్దమ్మ.

"నా పని మీదే అనుమానమా పెద్దమ్మా? నీళ్లెంత బరువని! నా రెక్కల మీద పడితే ఇట్టే జారిపోతాయి" అన్నాడు తురాయన్న. అందరూ నవ్వారు. పెద్దమ్మ పక్కకు తప్పుకుంది.

ఏనుగన్న తొట్టిని పీట మీద పెట్టాడు. తొండంతో నీళ్లు తెచ్చి పోశాడు. పైకప్పు ఇంకా పెట్టకముందే చేపల్ని వదిలారు. ఇంకో తొండం నీళ్లు పోశాడో లేదో, కిర్రుమంది. ఒక కాలు పొడిపొడి అయిపోయింది. తొట్టి ఒరిగింది. నీళ్లు ఎగిరిపడ్డాయి.

ఎలుగు పెద్దమ్మ ఒక్క ఉరుకున వచ్చి ఆ మూలకు భుజం ఆనించింది. కానీ అందరికన్నా చిన్నదైన బుల్లి పరిగె అప్పటికే రాళ్ల మీద పడింది. గిజిగాడు దాన్ని అందుకుని మళ్లీ నీళ్లలో వేశాడు. పాపం, దాని ఈతరెక్క ఒకటి చీలిపోయింది.

"ఏనుగన్నా, నువ్వే నీళ్లు ఎక్కువ పోశావు!" అని అందరూ మీద పడ్డారు.

"నా వల్లేనేమో" అంటూ ఏనుగన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

తురాయన్న కొమ్మ మీద కూర్చుని అంతా విన్నాడు. నోరు విప్పితే పేరు పోతుంది. విప్పకపోతే తన తప్పు ఇంకొకరి నెత్తిన పడుతోంది. ఛీ, ఏం బతుకు అనిపించింది. అయినా కొమ్మ దిగలేదు.

"పోయింది ఒక్క కాలే కదా! కింద రాయి పెట్టి మళ్లీ నింపుదాం. భుజం తియ్యి పెద్దమ్మా" అన్నాడు గిజిగాడు.

"అవును. తురాయన్న చేసిన పీట కదా, తక్కిన కాళ్లు గట్టిగానే ఉంటాయి" అంది తొట్టిలోంచి పరిగెమ్మ.

ఆ మాటతో తురాయన్నకు తల తీసేసినట్టయింది.

"వద్దు! భుజం తియ్యొద్దు పెద్దమ్మా!" అంటూ కిందికి దూకాడు. "అన్నీ అంతే. అంతా బూరుగే, లోపలంతా చిల్లులే. నేనే తొలిచాను. నేనే మట్టి కూరి దాచాను. ఏనుగన్న తప్పేమీ లేదు."

అందరూ వాడివైపే చూశారు. తిట్టినా బాగుండేది. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది తురాయన్నకు.

"ఏడుపు తర్వాత. ముందు తొట్టి దించండి" అంది ఎలుగు పెద్దమ్మ. ఏనుగన్న తొట్టిని పదిలంగా కిందికి దించాడు. పెద్దమ్మ దగ్గరుండి నల్లమద్ది దుంగలు తెప్పించింది. రాయిలాంటి కర్ర అది. ముక్కు వాచిపోయినా తురాయన్న కిమ్మనకుండా చెక్కాడు. పెద్దమ్మ తన బరువంతా వేసి కూర్చుంది. పీట కదల్లేదు. తొట్టి పైకెక్కింది, చేపలు బతికాయి. అప్పటినుంచి అడవిలో ఏం కట్టాలన్నా అందరూ ముందు పెద్దమ్మను అడిగేవారు. తురాయన్నను "భలే" అన్నవాళ్లు లేరు.

వానలు పడ్డాయి. వాగు నిండింది. ఏనుగన్న చేపల్ని నీళ్లలోకి వదిలాడు. పిల్లలన్నీ రివ్వున ఎదురీదాయి. బుల్లి పరిగె మాత్రం పక్కకు ఒరిగిపోతూ, ఆగుతూ, వెనకబడిపోయింది. పరిగెమ్మ దాని కోసం ఆగింది.

"తురాయన్నా, ఆ రోజు నువ్వు చెప్పబట్టే మేమంతా బతికాం. నీ మేలు మర్చిపోం" అంది.

బుల్లి పరిగె ఒంటి రెక్కతో తల్లిని అందుకోవాలని తంటాలు పడుతుంటే, తురాయన్న చూడలేక తల దించుకున్నాడు.

నీతి: పైమెరుగుతో లోపాన్ని కప్పిపెడితే, దాని శిక్ష మనల్ని నమ్మినవాళ్లకు పడుతుంది.