ఎండిన ఏటిలో చెట్టుకప్ప జాడ

ఒకప్పుడు ఏరు పారిన చోట ఇప్పుడు ఇసుక పారుతోంది. గాలి వీచినప్పుడల్లా దిబ్బలు ఇటునుంచి అటు జరుగుతున్నాయి. ఏటి గట్టున తుమ్మలు మోడులయ్యాయి, రేగుకంపలు పొరకపుల్లలయ్యాయి. కడపటి నీటిగుంట కూడా ఇంకిపోయి అడుగున నెర్రెలు విచ్చింది. ఎగరగలిగిన పిట్టలు ఎగిరిపోయాయి. ఎటూ పోలేనివి మిగిలాయి.

అలా మిగిలినవాళ్ళలో చెంగమ్మ అనే కుందేలు ఒకతి. ఆమెకు ఇద్దరు పిల్లలు. ఆ మధ్యాహ్నం మేత వెదుక్కుని వచ్చేసరికి, తన పొద ముందు ఓబులు నక్క కాళ్ళు బారజాపుకుని పడుకుని ఉన్నాడు. పిల్లలిద్దరూ అతని ముందుకాళ్ళ మధ్య బిక్కచచ్చి కూర్చున్నారు.

చెంగమ్మ నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయింది.

"రా కోడలా! నువ్వు లేవు కదా, పిల్లల్ని కాపలా కాస్తున్నా," అన్నాడు నక్క నవ్వుతూ.

కంచే చేను మేసే కాపలా అని ఆమెకు తెలుసు. అయినా బెదురు పైకి తేలనీయకుండా, "నీకేం కావాలి మామా?" అంది.

"నాకేం కావాలే? అందరికీ కావాల్సిందే. నీళ్ళు. చెట్టుకప్ప ఏ చెట్టు మీద కాపురముంటే ఆ చెట్టు వేళ్ళ కింద చెమ్మ ఉంటుందని మా పెద్దలు చెప్పేవాళ్ళు. అక్కడ తవ్వితే చెలమ పడుతుంది. కానీ ఈ ఎండకి ఆ కప్పలు కూతా కూయవు, వాసనా రావు. నా ముక్కు పనికిరాకుండా పోయింది. నీ కళ్ళు మంచివి. వెదికిపెట్టు. నేను తవ్వుతా, కలిసి తాగుదాం."

"పిల్లల్ని వదిలిపెట్టు, వెదుకుతా."

"పొద్దు వాలేలోగా చెట్టు చూపించు, వదిలిపెడతా." నక్క చిన్నదాని చెవిని నాలుకతో ఒక్కసారి తడిమాడు. "నాకూ ఆకలి ఆగడం లేదు కోడలా."

చెంగమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఒకటే పరుగు.

చెట్టుకప్పను ఆమె పుట్టాక చూడలేదు. దిబ్బ అవతల, దూరం ఎగరలేక మిగిలిపోయిన కౌజుపిట్ట సుంకులమ్మ కనిపిస్తే ఆయాసపడుతూ సంగతంతా చెప్పింది.

"అయ్యో వదినా, ఆకుపచ్చగా ఉంటుందనుకుని వెదికావంటే ఏడాది తిరిగినా దొరకదు," అంది సుంకులమ్మ. "ఎండాకాలం అది బెరడు రంగులోకి తిరుగుతుంది. కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుని, చెట్టుకి కాసిన బుడిపెలా అతుక్కుపోతుంది. నడుము సన్నం. అన్నిటికన్నా పెద్ద గుర్తు కాలివేళ్ళు. ప్రతి వేలి కొసనా మెంతిగింజంత గుండ్రటి మెత్త ఉంటుంది. దాంతోనే చెట్టును పట్టుకుంటుంది. ఆ మెత్తలు లేకపోతే అది చెట్టుకప్ప కాదు, ఇంకేదో కప్ప."

చెంగమ్మ ఏటి వెంట చెట్టు చెట్టూ చూసుకుంటూ పోయింది. ఒక తుమ్మ మీద బుడిపె కనిపిస్తే ఆశగా లేచి చూసింది. ఉత్త జిగురు ముద్ద. ఇంకోచోట ఒక ముద్ద కదిలింది, తీరా చూస్తే తొండ. అరికాళ్ళు కాలి బొబ్బలెక్కాయి. పొద్దు పడమటి దిబ్బ మీదికి జారుతోంది. ఆ నాలుక పిల్ల చెవిని తడమడం పదే పదే కళ్ళముందు ఆడుతోంది.

ఏటి మలుపులో ఒక కానుగ చెట్టు ఉంది. ఆకులు వాడాయి కానీ రాలలేదు. కింది కొమ్మ తొర్ర పక్కన ఒక బూడిదరంగు బుడిపె. చెంగమ్మ వెనక్కాళ్ళ మీద నిలబడి, ఊపిరి బిగబట్టి చూసింది. బుడిపె గొంతు కింద చర్మం టపటపా కొట్టుకుంటోంది. ముడిచిన కాలి అంచున గుండ్రటి మెత్తలు.

"అవ్వా," అంది మెల్లగా, "నువ్వు చెట్టుకప్పవే కదా?"

ఒక కన్ను తెరుచుకుంది. "నన్ను గుర్తుపట్టినదానివి నువ్వే. ఎవరు పంపారు?" అంది లింగవ్వ అనే ఆ ముసలి చెట్టుకప్ప.

అబద్ధమాడదామన్నా చెంగమ్మకు నోరు రాలేదు. నక్క సంగతి, పిల్లల సంగతి చెప్పేసింది. చెబుతూ చెబుతూనే ఆమెకు అర్థమైంది, తన పిల్లల కోసం తాను ఎవరి ఇల్లు చూపించబోతోందో. తొర్రలోంచి మరికొన్ని జతల కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

"వాడికి నీళ్ళొక్కటే కాదమ్మా కావాల్సింది," అంది లింగవ్వ. "ఈ కొమ్మ వాడికి అందే ఎత్తు. దాహం తీర్చుకుని మమ్మల్ని నంజుకుంటాడు. ఆ తర్వాత నీ పిల్లలు."

"మరి నేనేం చెయ్యను అవ్వా? చెప్పకపోతే నా పిల్లలు, చెబితే మీ పిల్లలు!"

లింగవ్వ కిందికి చూసింది. "ఈ వేళ్ళ దగ్గర ఇసుకలో గోదురుకప్ప బోడెయ్య పడుకుని ఉన్నాడు. మహా కోపిష్టి. నువ్వు ఆ నక్కని ఇక్కడికి తీసుకురా. కింద తవ్వితే నీళ్ళూ కప్పా రెండూ ఉన్నాయని చెప్పు. అది నిజమే."

"పాపం, ఆ పెద్దాయనకేమైనా అయితే?"

"ఆయన ఒళ్ళు ఆయన్ని చూసుకుంటుంది. పో, పొద్దు పోతోంది."

చెంగమ్మ తిరిగొచ్చేసరికి పొద్దు దిబ్బ అంచున ఉంది. పిల్లలిద్దరూ ఇంకా బతికే ఉన్నారు.

"దొరికింది. పిల్లల్ని వదులు."

"చెట్టు చూశాక," అన్నాడు ఓబులు. పిల్లల్ని ముందు నడిపించుకుంటూ, వాళ్ళ వెనకే తన మూతి పెట్టుకుని వచ్చాడు.

కానుగ కింద నిలబడి తల పైకెత్తాడు. కొమ్మంతా గాలించాడు. అతని చూపు లింగవ్వ మీదుగా వెళ్ళింది, ఆగింది, మళ్ళీ వెళ్ళింది.

"ఏదీ కప్ప? పైన బుడిపెలు తప్ప ఏమీ లేవే!"

"కింద తవ్వు మామా. నీళ్ళూ ఉన్నాయి, కప్పా ఉంది."

నక్క ఒక వెనక్కాలితో పెద్దపిల్ల తోకను తొక్కిపట్టి, ముందుకాళ్ళతో ఇసుక చిమ్మడం మొదలుపెట్టాడు. ఎండు ఇసుక పోయి చల్లటి ఇసుక వచ్చింది. చల్లటిది పోయి తడి ఇసుక వచ్చింది. ఇంకాస్త తవ్వగానే గుండ్రంగా, బలిసి, మట్టి కొట్టుకున్న శాల్తీ ఒకటి కదిలింది.

నక్క నోట్లో నీళ్ళూరాయి. "ఇదేనా చెట్టుకప్ప?"

"వేళ్ళు చూసుకో మామా," అంది చెంగమ్మ. "వేళ్ళ కొసల్లో గుండ్రటి మెత్తలుంటేనే చెట్టుకప్ప. లేకపోతే కాదు."

"తినేదానికి వేళ్ళెందుకే!" అంటూ నక్క లటుక్కున కరుచుకున్నాడు.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు. బోడెయ్య ఒళ్ళు పొంగించాడు. చెవుల వెనక గడ్డల్లోంచి పాలలాంటి విషం నక్క నాలుకంతా పాకింది. ఓబులు కెవ్వుమని కప్పను ఊసేశాడు. నోటినిండా నురగ. నాలుక మందమై బయటికి వేలాడింది. కళ్ళు మసకలు కమ్మి, తాను తవ్విన గోతిలో తానే తూలిపడ్డాడు.

"పరుగెత్తండి!" అని చెంగమ్మ అరిచింది. తోక విడిపించుకున్న పెద్దదీ, బెదిరి నిలబడ్డ చిన్నదీ ఒక్క దూకున కంపల్లో దూరారు.

ఓబులు ఎలాగో లేచి, మూతిని ఇసుకకేసి రుద్దుకుంటూ, కక్కుకుంటూ, తుమ్మమోడులకు గుద్దుకుంటూ ఏటి కిందికి పారిపోయాడు.

బోడెయ్య ఇసుక దులుపుకున్నాడు. "బంగారంలాంటి నిద్ర పాడుచేశాడు దరిద్రుడు," అని గొణుక్కుంటూ ఆ పక్కనే వెనక్కాళ్ళతో ఇసుక తోసుకుని మళ్ళీ లోపలికి దిగిపోయాడు.

నక్క తవ్విన గోతి అడుగున ఇసుక నల్లబడింది, మెరిసింది, మెల్లగా నీరు ఊరింది. చెంగమ్మ నురగ పడ్డ ఇసుకను తోసేసి, తేట అయ్యేదాకా ఆగి, కంపల్లోంచి పిల్లల్ని పిలిచింది. సుంకులమ్మకూ కబురు పోయింది. పిల్లలు తాగుతుంటే ఆమె వాళ్ళ వీపులు నాకుతూ, అప్పుడు మాత్రం వణికింది.

తనకోసమని నక్క తవ్విన చెలమ అందరిదీ అయింది. తవ్వినవాడికి గుక్కెడు కూడా దక్కలేదు.

గుర్తు పట్టనిదాన్ని నోట పట్టకూడదు.