ఆలస్యంగా వచ్చిన గూడబాతు, పరిహారం అడిగిన కుందేలు

అనగనగా, రెక్కలు లేనివాళ్లు కూడా ఆకాశంలో తిరిగిన రోజుల్లో, ఒక పెద్ద సరస్సు ఉండేది. సరస్సు నడుమ ఒక లంక. లంక అంటే తెలుసు కదా పిల్లలూ? చుట్టూ నీళ్లు, మధ్యలో నేల.

వానాకాలంలో సరస్సు పొంగి ఒడ్డంతా మునిగిపోయేది. అందుకని ఏటా తొలకరికి ముందు, లంకను ఏలే ఏనుగు మహారాణి ఒక రోజు సూర్యోదయాన కొలువుతీరి, మిట్ట మీది చోట్లు పంచిపెట్టేది. ముందు వచ్చినవారికి మిట్ట. ఆలస్యమైనవారికి నీటి పక్కన పల్లం.

మరి లంకకు వెళ్లడమెలా? అందుకు గూడబాతులు ఉన్నాయి. గూడబాతు ముక్కు కింద పెద్ద సంచి ఉంటుంది, చూశారా? అందులో ప్రయాణికులను కూర్చోబెట్టుకుని ఎగిరేవి. లంకలో దిగగానే ముక్కును టప, టప, టపమని మూడుసార్లు కొట్టేవి. 'మీ చుట్టాలు దిగారు, వచ్చి తీసుకెళ్లండి' అని దానర్థం. అది వాటి తాతలనాటి ఆచారం.

ఆ గూడబాతులన్నిటికీ యజమాని లంబకంఠుడు అనే పెద్ద గూడబాతు. అతని తరఫున ఒక కాకి ఒడ్డంతా తిరిగి చాటింపు వేసింది.

"వినండహో! మా పక్షి ఎక్కితే సూర్యోదయానికల్లా లంకలో ఉంటారు. మా వల్ల ఆలస్యమైతే, మీ నష్టం మేమే పూడుస్తామహో!"

ఆ మాట నమ్మి కుందనమ్మ అనే కుందేలు ఎండాకాలమంతా గూళ్లకు పనికొచ్చే పుల్లలు ఏరి, ఆ మోపును ప్రయాణపు ఛార్జీగా కట్టింది. ఆమెకు అప్పుడే కళ్లు తెరిచిన పసికూనలు ఉన్నాయి. వాటిని వానలో తడవనివ్వకూడదు. ఆమె ఆరాటమంతా అదే.

ఆ రోజు ఇంకా వెలుగు రాకముందే పిల్లలను వెంటబెట్టుకుని రేవుకు వచ్చింది. ముళ్లపంది ముసలాయన, చుంచెలుక దంపతులు అప్పటికే అక్కడ ఉన్నారు. పక్షి మాత్రం లేదు.

"మా పక్షి ఏదయ్యా?" అని కుందనమ్మ కాకిని అడిగింది.

"బయలుదేరిందమ్మా."

కాసేపాగి మళ్లీ అడిగింది.

"దారిలో ఉందమ్మా."

తూర్పు ఎర్రబడింది. మూడోసారి అడిగింది.

"రెక్కలు దులుపుకుంటోందమ్మా! పక్షన్నాక దులుపుకోదా?"

"దారిలో ఉన్నది మళ్లీ గూటికెళ్లి దులుపుకుంటోందా నాయనా?" అన్నాడు ముళ్లపంది. కాకి ముఖం తిప్పుకుంది.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఆ నిశ్శబ్దంలో, నీళ్ల మీదుగా, కుందనమ్మ పొడుగాటి చెవులకు ఒక చప్పుడు వినిపించింది. టప, టప, టప.

'ఎవరో లంకలో దిగుతున్నారు. మేమే ఇక్కడున్నాం' అనుకుంది.

పక్షి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. లంక చేరేసరికి మిట్ట మీద చోటు లేదు. నీటి అంచున, అడుగు వేస్తే బురద పైకొచ్చే పల్లమే మిగిలింది.

కుందనమ్మ కాకి దగ్గరికి వెళ్లి, "మీరు పరిహారం ఇవ్వాలి" అంది.

పరిహారం అంటే ఏమిటి? ఒకరి వల్ల మనకు నష్టం కలిగితే, ఆ నష్టం పూడ్చడానికి వాళ్లు ఇచ్చేది. అది బిచ్చం కాదు, బహుమానం కాదు. మనకు రావలసినది.

కాకి గుప్పెడు శనగలు పోసింది. "ఎండలో వచ్చారు. ఇవి తిని సేద తీరండి."

ముళ్లపంది తిన్నాడు. చుంచెలుకలూ తిన్నాయి. కుందనమ్మ మాత్రం, "నేను పోగొట్టుకున్నది తిండి కాదు, చోటు" అని శనగలు వెనక్కి జరిపింది.

మర్నాడు మళ్లీ వెళ్లింది. "వచ్చే ఏడు ఊరికే ఎక్కించుకుంటాం, పొండి" అంది కాకి.

"వచ్చే ఏటి దాకా నా పిల్లలు నీళ్లలో ఈదాలా?"

"ఇచ్చింది పుచ్చుకుని ఊరుకో తల్లీ. పెద్దవాళ్లతో మనకెందుకు?" అన్నాడు ముళ్లపంది.

"పెద్దవాళ్లే కదా బాబాయ్ మాట ఇచ్చింది" అంది కుందనమ్మ.

మూడో రోజు లంబకంఠుడే ఎదురొచ్చాడు. "ఏమే కుందేలా, ఆ ఉదయం భయంకరమైన ఎదురుగాలి. గాలి దేవుడి పని. నువ్వు అడగవలసింది ఆయన్ని!"

కుందనమ్మ తిన్నగా మహారాణి కొలువుకు వెళ్లి మొర పెట్టుకుంది.

లంబకంఠుడిని పిలిపించారు. "మహారాణీ, ఆ గాలికి మధ్యాహ్నం దాకా నా పక్షి ఒక్కటీ గూడు కదల్లేదు" అన్నాడతను, రొమ్ము విరుచుకుని.

కుందనమ్మ వినయంగా అడిగింది. "అయ్యా, మీ పక్షులు ఎప్పుడైనా ముక్కు కొట్టకుండా లంకలో దిగుతాయా?"

"ఎంతమాట! రెక్క విరిగినా సరే, ముక్కు కొట్టి తీరాలి. అది మా వంశమర్యాద!"

"పోనీ, దిగకుండా ఊరికే కొడతాయా?"

"ఊరికే కొట్టడానికి మా ముక్కేమైనా గిలక్కాయా?"

సభంతా నవ్వింది. లంబకంఠుడు తనను మెచ్చుకుంటున్నారనుకుని ఇంకా పొంగిపోయాడు.

కుందనమ్మ మహారాణి వైపు తిరిగింది. "దేవీ, చోట్లు పంచిన రోజు సూర్యోదయానికి ముందే నాకు ఆ చప్పుడు ఒడ్డు దాకా వినిపించింది. రోజూ తెల్లవారుజామున ఈ లంక రేవులో స్నానం చేసే మీకు వినిపించలేదా?"

మహారాణి చెవులు ఒక్కసారి విసిరింది.

"వినిపించడమేమిటి, కళ్లారా చూశాను! నక్కల పెళ్లివారు గూడబాతుల సంచుల్లోంచి దిగారు. స్నానం చేస్తున్న నన్ను పట్టుకుని 'మా విడిది ఎక్కడ?' అని అడిగారు! ఏమయ్యా లంబకంఠా, నక్కలను మోసిన గాలి కుందేళ్లను మోయనందా?"

లంబకంఠుడి మెడ కిందికి వాలిపోయింది. "తప్పయింది తల్లీ. నక్కల పెళ్లివారు బుట్టలకొద్దీ చేపలిచ్చారు. ఆశపడి వీళ్ల పక్షులను వాళ్లకు పంపాను."

"నీకేం కావాలమ్మా?" అని మహారాణి కుందనమ్మను అడిగింది.

"సమయానికి వచ్చి ఉంటే దొరికే పొడి చోటు, దేవీ. నాకే కాదు, నాతో పాటు కాచుకున్నవారందరికీ."

మహారాణి తీర్పు చెప్పింది. "లంబకంఠా, నీ పక్షులు రెక్కలు ఆరబెట్టుకునే మిట్ట లంకలోకెల్లా ఎత్తైనది. ఈ వానాకాలం అందులో సగం వీళ్లది. బొరియలు నీ పక్షులే తవ్వాలి. శనగలు తిన్నవారికీ భాగం ఉంటుంది. శనగలతో న్యాయం చెల్లిపోదు."

గూడబాతులు మట్టి ఎత్తిపోస్తుంటే కాకి పుల్లలు మోసింది. లంకంతా వచ్చి చూసింది.

బొరియలు పూర్తయిన సాయంత్రమే ఆకాశం ఉరిమింది. కుండపోతగా వాన. పల్లమంతా నీళ్లు. మిట్ట మీద మాత్రం కుందనమ్మ పిల్లలు పొడి గడ్డిలో ఒకదాని మీద ఒకటి పడి ఆడుకుంటున్నాయి. పక్క బొరియలోంచి ముళ్లపంది తల బయటపెట్టాడు.

"కుందనమ్మా, నేనూ నీతో వచ్చి అడిగి ఉండాల్సింది తల్లీ."

"ఈసారి అవసరమొస్తే ఇద్దరం కలిసి అడుగుదాం బాబాయ్. లోపలికి పదండి, తడుస్తారు."

పిల్లలూ, ఇందులోని నీతి ఇది: మాట ఇచ్చినవారు ఎంత పెద్దవారైనా దాన్ని నిలుపుకోవాలి, నష్టపోయినవారు ఎంత చిన్నవారైనా, తమకు రావలసినదాన్ని మర్యాదగా, వెనక్కి తగ్గకుండా అడగాలి.