సిగ్నల్ పోయినా పోని వాసన

నల్లగుట్ట కింద మేకపిల్లల బడి. అక్కడ పెద్దమేక ముత్యాలు టీచరు ఏళ్ల తరబడి చెప్పే పాఠం ఒక్కటే: నక్క వాసన పట్టడం. అది రాని పిల్ల సాయంత్రానికి ఇల్లు చేరదు, అంతే సంగతి! పిల్లల్ని గాలికి ఎదురుగా నిలబెట్టి, కళ్లు మూయించి, నక్క బొచ్చు ముక్క వాసన చూపించేది. పిల్లలేమో ఆవలించేవాళ్లు.

ఒకరోజు హెడ్మాస్టరు ఎద్దు బసవన్న వెంట ఒక ఆసామి దిగాడు. నెత్తి నుంచి కాళ్ల దాకా గొంగడి కప్పుకున్నాడు.

"పట్నం గొర్రెనండీ, పేరు కోదండం. కాస్త చలిజ్వరం" అన్నాడు.

గొర్రె లేదు, గిర్రె లేదు, వాడు నక్క! ఆ సంగతి మనకి తెలుసు. పాపం, టీచరుకి తెలియదు.

కోదండం పిల్లలకి తలో ట్యాబ్ పంచాడు. తెర మీద ఎర్రకళ్ల నక్క కనబడగానే డెక్కతో నొక్కాలి. నొక్కితే ఒక చుక్క. కాసేపటికి అందరికీ నూటికి నూరు! పిల్లలు ఒకటే గంతులు.

"రోజులు మారాయి టీచరమ్మా. ఇంకా ఆ బొచ్చు ముక్కేంటండీ?" అన్నాడు కోదండం. బసవన్న అవునవునని తలూపాడు.

ముత్యాలుకి బుర్ర తిరిగిపోయింది. గది నిండా ఒకటే నక్క కంపు!

"కోదండంగారూ, ఈ ట్యాబుల్లో వాసన కూడా వస్తుందా?"

నక్క గొంగడి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "ఆఁ... వస్తుందండీ! కొత్త మోడల్ కదా!"

"ఔరా!" అనుకుంది టీచరు. ఇక నాతో పనేముందిలే అని దిగులేసింది కూడా.

అంతలో సిగ్నల్ పోయింది. తెరలన్నీ నల్లబడ్డాయి.

"వాగు దగ్గర సిగ్నల్ బాగా అందుతుందండీ. పిల్లల్ని నాతో పంపండి. ఎండలో మీకెందుకు శ్రమ?" అన్నాడు కోదండం. పిల్లలు అప్పుడే గుమ్మం దగ్గర వరస కట్టేశారు.

టీచరు తల గోక్కుంది. బొమ్మ పోయింది సరే. మరి వాసన పోలేదేం?

"ఆగండర్రా!" అంటూ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పోనీ ముత్యాలమ్మా, పిల్లల చదువు పాడవుతుంది" అన్నాడు బసవన్న.

"ఒక్క నిమిషం సార్, నాకేదో అయోమయంగా ఉంది. పిల్లలూ, కళ్లు మూసుకోండి. నక్క వాసన ఎటు నుంచి వస్తోందో అటు తిరగండి."

ముక్కులన్నీ ఒక్కసారే కోదండం వైపు తిరిగాయి.

"టీచర్! గొర్రె మామ దగ్గరే!" అని అరిచిందో పిల్ల.

బసవన్న కొమ్ములు వంచాడు. గొంగడి కొమ్ముకి చిక్కింది, కోదండం కాళ్లకి బుద్ధి చెప్పాడు. పరుగులో తోక చూసి బడి బడంతా నోరెళ్లబెట్టింది.

మర్నాడు టీచరు ట్యాబ్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది మంచిదో చెడ్డదో ఆవిడకి ఇప్పటికీ తేలలేదు.

"నొక్కాలా టీచర్, వాసన చూడాలా?" అడిగారు పిల్లలు.

"రెండూ చెయ్యండర్రా. ముందు మాత్రం, ఇది తెచ్చినవాడి వాసన చూడండి" అంది.

నీతి: బొమ్మ ఎవరు చూపించినా చూడొచ్చు, వాసన మాత్రం ఎవరి ముక్కుతో వాళ్లే పట్టాలి.