తెగని కుప్ప

ఎర్రనేలల్లో వేరుశెనగ పీకేశాక మట్టిలో మిగిలిన కాయల్ని గుట్ట కింది జంతువులు ఏరుకునేవి. ఎండాకాలం పిల్లల కడుపు నిండాలంటే అవే గతి. ఆ ఏడు పన్నెండు కుటుంబాలు ఏరి కుప్ప పోసి, లెక్కపెట్టడానికీ కాపలాకీ గుంటనక్కను పెట్టాయి, లెక్కలొచ్చింది దానికొక్కదానికే అని. కంచెకే చేనప్పగించడమంటే ఇదే.

అక్కడొక కట్టుబాటుంది. పంపకం రోజు పొద్దు గుంకేలోపు కుప్ప సమంగా తెగాలి. కుటుంబాలు కలిసి ఏడెనిమిది జట్లు కావచ్చు, చీలి ఇరవై కావచ్చు, అందరూ కలిసి ఒకటే జట్టు మాత్రం కారాదు. ఒక్క కాయ మిగిలినా కుప్పంతా కాపలాదారుది. కాపలాదారు తన చేత్తో ఇస్తే తప్ప ఎవరూ కాయ తినకూడదు. కొట్టుకు చచ్చేకంటే అది నయమని పెద్దలు పెట్టారు. పెద్దలన్నాక అన్నీ ఆలోచించి పెడతారా ఏంటి.

నక్క లెక్కపెడితే పదివేల ఇరవై తేలాయి. పన్నెండుతో చక్కగా తెగుతాయి. నక్కకి ఒళ్ళు మండింది. వంద తినగల ఆకలి ఉన్నా పదకొండే తిని, పొట్టు మీద కూర్చుంది. మిగిలింది పదివేల తొమ్మిది. రెండు నుంచి నూరు దాకా దేనితో కోసినా తెగని సంఖ్య అది. నూరు దాటి చూడక్కర్లేదనీ దానికి తెలుసు, ఒక ముక్క నూరు దాటితే రెండోది నూరులోపే ఉండాలి కదా.

పంపకం మొదలైంది. పన్నెండు వాటాలేస్తే ఒకటి మిగిలింది. ఏడు జట్లయితే ఆరు మిగిలాయి. మేకలు అలిగి చీలి పదమూడు చేస్తే పన్నెండు మిగిలాయి. వాటాలేస్తున్న ఉడుతమ్మ తన పిల్లల్ని తలుచుకుని ఏడ్చేసింది. నక్క మాత్రం మీసాలు దువ్వుకుంటూ, సంఖ్య మొండిదైతే తనేం చేస్తానంది.

నక్క కాయలు తిన్నప్పటి నుంచీ కుప్ప పక్కనే నెమరేస్తూ పడుకున్న ముసలి ఎద్దు లేచింది.

"అల్లుడా, ఎట్లాగూ కుప్ప నీదే అయిపాయె. ఈ ముసలి పళ్ళకు ఒక్క కాయ పడెయ్యప్పా, నీ పేరు చెప్పుకోని నముల్తా."

అందరి ముందూ దాత అనిపించుకోవడం నక్కకి కొత్త. పొంగిపోయి ఒకటి విసిరింది. ఎద్దు పొట్టుతో సహా నమిలి, తీరిగ్గా మింగి, గుట్ట మీద ఇంకా మూరెడు ఎత్తున ఉన్న పొద్దును చూసింది.

"ఉడుతమ్మా, పన్నెండు వాటాలు మళ్ళా ఎయ్యి."

తలా ఎనిమిదివందల ముప్పైనాలుగు. మిగిలింది సున్నా.

తాడిని తన్నేవాడికి తలదన్నేవాడు దొరికాడు. తనిచ్చింది దానమనీ, అది లెక్కలోకి రాదనీ నక్క గోలపెట్టింది. కడుపులోకి వచ్చింది చాలులే అంది ఎద్దు. పోనీ కాపలా కూలైనా ఇమ్మని నక్క ఏడుపుమొహం పెట్టింది.

"పదకొండు కాయలు ముందే తింటివి కదప్పా. లెయ్, పొట్టు నీ కిందనే ఉంది."

నీతి: మొత్తం మింగదలచినవాడు పొద్దు గుంకేదాకా దానం జోలికి పోరాదు.